పాకుడు పిట్టకు సున్నం కొట్టిన సంగతి

నా పదవీ విరమణ సభలో శాలువా కప్పిన అధికారి, "వీరి హయాంలో పాతబస్తీ పచ్చదనంతో కళకళలాడింది" అన్నారు. ఆయన కాగితం చూసి చదివారు. ఆ కాగితం రాసిచ్చింది నేనే. మా శాఖలో అది ఆనవాయితీ. ఎవరి పొగడ్తలు వాళ్ళే రాసివ్వాలి, చదివేవాళ్ళకు శ్రమ ఉండకూడదు. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, ఆ కాగితంలో నేను రాయని సంగతి ఒకటి చెబుతాను. దీనికి శాలువా లేదు.

నగరంలో చెట్ల లెక్క చూసే విభాగంలో నేను ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. రోడ్డు వెడల్పు చేయాలన్నా, ఏదైనా కట్టాలన్నా అడ్డమొచ్చే చెట్లకు నంబర్లు వేయించి, జాబితా రాసి పైకి పంపడం నా పని. ఆ ఫారంలో చివరి గడి 'పక్షులు, ఇతర జీవులు'. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ గడిలో 'కాకి, పావురం, గోరింక' అని రాశాను. నాకు ముందున్నాయన అదే రాశాడు. ఆయనకు ముందున్నాయన కూడా అదే రాసి ఉంటాడని నా నమ్మకం. మేం ఆఫీసులో సంతకం పెట్టి, ఇరానీ హోటల్లో చాయ్ తాగి, చెట్ల దగ్గరికి చేరేసరికి పదకొండున్నర అయ్యేది. ఆ ఎండలో కాకి కూడా ఉండదు. ఉందని రాయడం మా దయ.

చెట్లకు నంబర్లు వేసేది మా పెయింటర్ భాయ్. నాతోపాటే చేరినవాడు. అరచేయంత మేర బెరడు చెక్కి, నున్నగా చేసి, ఎర్రరంగుతో నంబరు వేసేవాడు. చివరి చెట్టు మీద ఎంత వేశాడో అడిగి, జాబితాలో అన్ని వరుసలు గీసేవాడిని నేను. చెట్లతో అంతకుమించి పరిచయం నాకు అక్కర్లేదని శాఖ, నేను ఇద్దరం చాలాకాలం కిందే ఒక అంగీకారానికి వచ్చాం.

ఇంకో ఏడాదిలో రిటైర్ అవుతాననగా ఈ కథ మొదలైంది. లాల్‌దర్వాజా నుంచి యాకుత్‌పురా వైపు పోయే సందుల్లో ఒక పాత దేవిడీ, అంటే నవాబుల కాలపు బంగళా, ఉండేది. వారసులు కోర్టులో కొట్టుకుంటూ ఉండగానే భవనం విసుగొచ్చి దానంతటది కూలింది. ప్రహరీగోడ, దాని లోపల ముదురు చెట్లు మాత్రం మిగిలాయి. చింతలు, వేపలు, మామిళ్ళు, రెండు నల్లతుమ్మలు. ఆ స్థలాన్ని పార్కింగుకు ఇవ్వాలని పైన నిర్ణయమైంది. మమ్మల్ని నంబర్లు వేయమన్నారు.

భాయ్ లోపల నంబర్లు వేశాడు. నేను సందు మొగదల చాయ్ హోటల్లో కూర్చుని, అతను వచ్చి "ఇర్వై రెండు సాబ్" అనగానే ఇరవై రెండు వరుసలు గీసి, కాకినీ పావురాన్నీ గోరింకనూ యథాస్థానాల్లో కూర్చోబెట్టాను. ఫారం సంచిలో పెట్టుకుని పోతుంటే ప్రహరీని ఆనుకున్న ఇంటి కిటికీలోంచి పిలుపు వినిపించింది.

"క్యా భాయ్‌సాబ్, చెట్లు కొడతరా?"

లక్క గాజుల మీద రాళ్ళు అద్దే పని చేసే ఆవిడ. అరవై దాటి ఉంటాయి. సందులో అందరికీ ఆపా, అంటే అక్క. వెలుగు కోసం రోజంతా ఆ కిటికీ దగ్గరే కూర్చుంటుందని తర్వాత తెలిసింది.

"ఇంక తెల్వదు ఆపా. లెక్క రాస్తున్నం, గంతే."

"లెక్కల పిట్టలు గిట్ల రాస్తరా?"

"రాసినం."

"ఏమేం రాసిండ్రు?"

చదివి వినిపించాను. ఆవిడ చేతిలో గాజు పక్కనపెట్టి మరీ నవ్వింది.

"పావురాలు చార్మినార్ కాడ ఉంటయి. దానలు ఏస్తరు గదా ఆడ. ఈడికెందుకొస్తయి? మరి చెట్టెక్కేదాన్ని రాసిండ్రా?"

"ఉడుతనా?"

"ఉడుత పిట్టనా, భాయ్‌సాబ్? పొద్దుగాల ఏడింటికి రాండ్రి, చూపిస్త. మీ ఆఫీసు టైముకు పిట్టలు డ్యూటీ చెయ్యవు."

నాకు చురుక్కుమంది. ముప్ఫై ఏళ్ళ అనుభవాన్ని కిటికీలోంచి ఒక గాజుల ఆవిడ అంత తేలిగ్గా తీసిపారేస్తే ఎవరికైనా చురుక్కుమంటుంది. నేనుండే అద్దె ఇల్లు లాల్‌దర్వాజాలోనే. మర్నాడు పాల ప్యాకెట్లకని బయల్దేరి, అవి చేతిలో వేలాడుతుండగానే దేవిడీ చేరాను. ఆవిడ చెప్పింది తప్పని తేల్చి, నాలుగు మాటలు చెప్పి రావాలనే నా ఉద్దేశం.

వేపచెట్టు మొదట్లో బెరడు ముక్క ఒకటి కదిలింది. ఊడిపడుతుందేమో అనుకున్నాను. ఊడిపోలేదు, పైకి పోయింది. పిచ్చుకంత పిట్ట. నలుపూ గోధుమా కలిసిన రంగు, ఒళ్ళంతా తెల్ల చుక్కలు, సన్నగా కిందికి వంగిన ముక్కు. కదిలితే పిట్ట, ఆగితే బెరడు. చెట్టు చుట్టూ తిరుగుతూ, నెర్రెల్లో ముక్కు దూర్చి ఏదో ఏరుకుంటూ, పైకొమ్మ దాకా పాకింది. అక్కడి నుంచి ఎగిరి పక్క చెట్టు మొదట్లో వాలి, మళ్ళీ అడుగు నుంచి మొదలుపెట్టింది. నా పాల ప్యాకెట్లు అప్పటికే వెచ్చబడ్డాయి.

మా శాఖలో పైకి పాకేవాళ్ళను ఎంతోమందిని చూశాను. పైదాకా పోయాక మళ్ళీ అడుగు నుంచి మొదలుపెట్టేవాళ్ళను మాత్రం అదే మొదటిసారి చూడటం.

నిపుణుల సలహా తీసుకుందామని ఫోన్లో ఫొటో తీసి మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మసకగా వచ్చింది. ఒకరు 'ఉడుత' అన్నారు. ఒకరు 'బల్లి, ఇంట్లోకి రానివ్వకండి' అన్నారు. ఇద్దరు దండం పెట్టారు. ఒకాయన 'శుభోదయం' అని గులాబీ పంపాడు. చెట్లూ పక్షులూ చూసే శాఖ మాది.

చివరికి కోఠిలో పాత పుస్తకాలు పరుచుకునే చోట పక్షుల పుస్తకం ఒకటి కొన్నాను. చెట్టు మొద్దును పట్టుకు తిరిగే పిట్టలు అందులో మూడు రకాలు కనిపించాయి. వడ్రంగి పిట్ట, నట్‌హాచ్ అనేదొకటి, స్పాటెడ్ క్రీపర్ అనేదొకటి. నేను ఘనంగా వడ్రంగి పిట్ట పిల్ల అని తేల్చి, ఆ సంగతి ఆపాకు చెప్పాను.

"వడ్రంగి పిట్ట తోకను చెట్టుకు ఆనిచ్చి కూసుంటది, ముక్కాలి పీట తీర్గ," అంది ఆవిడ, చిన్న పట్టకారుతో రాయి అద్దుతూనే. "దీని తోక మెత్తగుంటది, ఆనియ్యదు. చూడుండ్రి మంచిగ."

చూశాను. ఆనించలేదు.

"అయితే ఈ రెండోది ఆపా, నట్‌హాచ్. తలకిందులుగా చెట్టు దిగుతదట."

"ఇది దిగదు భాయ్‌సాబ్. ఎన్నడు దిగలే. పైకే పోతది, ఇంకో చెట్టు మొదలుకు ఎగుర్తది. పదేండ్ల సంది చూస్తున్న."

మిగిలింది మూడోది. బొమ్మతో పోల్చి చూశాను. చుక్కలతో సహా అదే. బెరడు బాగా నెర్రెలిచ్చిన ముదురు చెట్లుండే అడవుల్లో, అదీ అరుదుగా, కనిపిస్తుందని పుస్తకంలో ఉంది. అడవి పిట్ట పాతబస్తీకి ఎందుకొచ్చిందో పుస్తకంలో లేదు. రైళ్ళ కూతలు, ఆటోల లొల్లి, పక్క సందులో డీజే, ఏదీ దానికి పట్టినట్టు లేదు. తెలుగు పేరు దొరక్క, పాకుడు పిట్ట అని నేనే పెట్టుకున్నాను.

పుస్తకం చదివినవాడిని నేను. చెట్టు చూసినావిడ ఆపా. గుర్తుపట్టింది ఎవరో మీరే చెప్పండి.

ఆ తర్వాత రెండు వారాలు రోజూ పొద్దున్నే వెళ్ళాను. ఒకరోజు ఆవిడ తన కిటికీకి ఎదురుగా ఉన్న చింతచెట్టు చూపించింది. అడ్డకొమ్మ చీలిక దగ్గర చిన్న బొడిపె. సాలెగూళ్ళు, బెరడు పొట్టుతో కట్టిన గూడు. ఆవిడ చూపించకపోతే వందసార్లు చూసినా కనిపించేది కాదు. పిట్ట వచ్చి దాని అంచున వాలగానే లోపల రెండు నోళ్ళు తెరుచుకున్నాయి. సిగ్గు విడిచి చెబుతున్నా, నా కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి నేను లెక్కపెట్టే వస్తువు బతికి ఉందని తెలిసింది.

మా ఫారం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఒక నిబంధన ఉంది. చెట్లలో అరుదైన పక్షి గూడు ఉంటే పిల్లలు ఎగిరేదాకా ఒక్క చెట్టూ కొట్టకూడదు, ఆ తర్వాత మొత్తం విషయం కమిటీ మళ్ళీ ఆలోచించాలి. ఆ నిబంధన అప్పటిదాకా ఎవరూ వాడినట్టు లేదు. గూడు ఏ చెట్టు మీద ఉందో రాయాలని నంబరు కోసం చింతచెట్టు చుట్టూ తిరిగాను. నంబరు లేదు.

"భాయ్, దీని నంబరేది?"

"రంగు అయిపోయింది సాబ్. రేపేస్త," అన్నాడు పెయింటర్ భాయ్, ఎటో చూస్తూ.

మా శాఖలో రేపు అనే రోజు అంత తొందరగా రాదు. నేనూ పట్టించుకోలేదు. 'పద్నాలుగో నంబరు చెట్టు పక్కన' అని రాసి, పాత గడిలోని కాకిని, పావురాన్ని, గోరింకను కొట్టేసి, పిట్ట రూపం, నడక, తిండి అన్నీ వివరంగా రాశాను. 'ముదురు బెరడు నెర్రెల్లోని పురుగులను, సాలీళ్ళను ఏరుకుని తింటుంది' అని నా చేత్తో రాసిన వాక్యం మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

వారంలో ఫోన్ వచ్చింది. మా పెద్దసారు స్వయంగా తనిఖీకి వస్తున్నారు. "ఏర్పాట్లు చూసుకోండి" అన్నారు.

పిల్లలూ, ఏర్పాట్లు అంటే ఏమిటో మీకింకా తెలియకపోవచ్చు. పెద్దసారు వస్తున్నారంటే చెట్లకు సున్నం కొట్టాలి, దాని మీద ఎర్రమన్ను పట్టీ వేయాలి, నడిచే దారికి రెండు వైపులా ముగ్గులా బ్లీచింగ్ పౌడర్ చల్లాలి, పూలగుత్తి తేవాలి. ఇది ఏ ఉత్తర్వులోనూ ఉండదు. మా రక్తంలో ఉంటుంది. ఫోన్ పెట్టేసిన చేత్తోనే సున్నానికి చీటీ రాశాను.

చీటీ చూసి భాయ్ కదల్లేదు.

"సాబ్, పిట్ట ఆ చెట్ల తోలుల ఏరుకునే తింటది అని మీరే రాసిండ్రంట గదా. ఆపా చెప్పింది."

"సారొస్తున్నడు భాయ్. చెట్లన్నీ పెచ్చులు పెచ్చులుంటే ఏం బాగుంటది? మంచిగ గీకి, రెండు పట్లు కొట్టు. నిచ్చెనేసి కొమ్మల దాక కొట్టు."

"అన్నింటికా?"

"నంబరున్నవాటికి అన్నింటికి."

"నంబరున్నవాటికి," అని మళ్ళీ ఒకసారి అని, తలూపి వెళ్ళాడు. అలా ఎందుకన్నాడో నేను ఆలోచించలేదు.

ఇద్దరు కూలీలను పెట్టుకుని రెండు రోజుల్లో పని ముగించాడు. ఇనుప బ్రష్‌తో బెరడు గీకేశారు. ముదురు చెట్ల ముడతల్లో ఏళ్ళ తరబడి చేరిన పురుగు, పుట్ర, సాలెగూడు అంతా రాలి కింద కుప్ప పడింది. గీకిన మొద్దుల మీద సున్నం, సున్నం మీద మళ్ళీ ఎర్రరంగు నంబర్లు. తనిఖీ ముందురోజు సాయంత్రం చూసి, "మస్తున్నది భాయ్" అని మెచ్చుకున్నాను కూడా. కంచే చేను మేయడమంటే ఏమిటో నేను పుస్తకాల్లో వెతుక్కోనక్కర్లేదు. మేసింది నేనే, పైగా రుచిగా ఉందన్నాను.

మర్నాడు పదకొండుకు పెద్దసారు వచ్చారు. మెడలో కొత్త బైనాక్యులర్స్. ఇరవై రెండు చెట్లూ స్కూల్ యూనిఫాం వేసుకున్నట్టు వరుసగా నిలబడ్డాయి. సారు ముగ్ధులయ్యారు.

"వెరీ నీట్. ఇంత బాగా మెయింటెయిన్ చేస్తున్నారా? గుడ్." ఒక్కో చెట్టుకూ బైనాక్యులర్స్ పెట్టి చూశారు. "ఇంతకీ మీ బర్డ్ ఏదండీ?"

నేనూ అదే వెతుకుతున్నాను. ఒకటో చెట్టు నుంచి ఇరవై రెండో చెట్టు దాకా ఏమీ లేదు. చీమ కూడా లేదు. అప్పుడు గుర్తొచ్చింది నేను రాసిన వాక్యం. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అవకాశమైనా నాకు లేదు. చెట్లు సున్నంలో ఉన్నాయి.

"అటెందుకు చూస్తున్నరు?" అని కిటికీలోంచి ఆపా కేకేసింది. "ఇగో, ఈ చింతకున్నది!"

అందరం తిరిగాం. సున్నం పడని, గీకుడు తగలని, నల్లటి గరుకు ఒంటితో ఆ ఒక్క చింతచెట్టు మిగిలి ఉంది. దాని మొదట్లో బెరడు ముక్క కదిలింది. చుట్టూ తిరుగుతూ పైకి పాకింది. సారు బైనాక్యులర్స్‌లోంచి చూశారు. చూశారని నేను ప్రమాణం చేసి చెప్పగలను, "అరె, క్యూట్" అన్నారు. గూడు మీద వాలడం, నోళ్ళు తెరుచుకోవడం కూడా చూశారు. నా ప్రాణం లేచొచ్చింది.

ఆయన బైనాక్యులర్స్ దించి, జాబితా తీసి, చెట్టు వైపు చూశారు.

"దీనికి నంబర్ లేదే?"

ఆయన జాబితా ఒకసారి తిరగేశారు.

"లిస్ట్‌లో ఉందా, లేదా? అది చెప్పండి చాలు."

పెయింటర్ భాయ్ నా మొహంలోకే చూస్తున్నాడు. నాకు అప్పటికి అర్థమైంది. రంగు అయిపోలేదు. నంబరు వేసిన రోజునే ఆపా కిటికీలోంచి, "దాని తోలు గీకకు భాయ్, అందుల పిట్ట తిరుగుతది" అందట. అతను వదిలేశాడు. జాబితా రాయడానికి చెట్టు వైపు చూడని మనిషి నేనుండగా అతనికి భయమెందుకు?

నేను చెప్పవలసిన మాట ఒకటుంది. 'సార్, మొన్నటిదాకా ఈ పిట్ట అన్ని చెట్ల మీదా తిరిగింది. మీరొస్తున్నారని నేనే బెరడు గీకించి సున్నం కొట్టించాను. అందుకే ఇప్పుడు ఈ ఒక్క చెట్టుకు చేరింది. ఈ చెట్టు జాబితాలో లేకపోవడమూ నా తప్పే. గూడు ఈ తోపుదే.' ఇంతే. పెద్ద మాటేమీ కాదు. కానీ అది చెబితే నా పేరుతో ఒక మెమో వస్తుంది, ఆ తర్వాత విచారణ, రిటైర్మెంటుకు ముందు ఒక మచ్చ. ఇదంతా రెప్పపాటులో లెక్క వేశాను. చెట్ల లెక్క ఎప్పుడూ అంత వేగంగా వేయలేదు.

"లేదు సార్," అన్నాను.

"మరింకేం. లిస్ట్‌లో లేని చెట్టు మీద బర్డ్ ఉంటే మనకు సంబంధం లేదు. లిస్ట్‌లో ఉన్నవాటి మీద ఏమీ లేదు. అంతే రాయండి."

రాశాను. 'జాబితాలోని ఇరవై రెండు చెట్లపై పక్షి గానీ గూడు గానీ కనిపించలేదు.' అక్షరం అబద్ధం లేని నివేదిక. పిట్ట గురించి రాసింది కాక, నా సర్వీసులో కళ్ళతో చూసి రాసింది అదొక్కటే. సారు పూలగుత్తి తీసుకుని, ఉస్మానియా బిస్కెట్ కొరుకుతూ, మా శుభ్రతను మరోసారి పొగిడి వెళ్ళిపోయారు.

పదిరోజుల తర్వాత యంత్రాలొచ్చాయి. నంబర్లు చూసి కొట్టారు. చింతచెట్టుకు నంబరు లేదు కాబట్టి కాగితం ప్రకారం అది లేదు. లేని చెట్టును ఎవరు కొడతారు? కాంట్రాక్టరు దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు పార్కింగ్ స్థలం మధ్యలో అదొక్కటే ఉంది. దాని నీడలో బండి పెట్టుకోవడానికి జనం కొట్టుకుంటారు.

ఆఫీసులో దీన్ని నా చాకచక్యం కింద జమ కట్టారు. "ఆ రోజు మీరు నోరు విప్పి ఉంటే ఆ చెట్టుకూ నంబరు పడేది సార్, భలే కాపాడారు" అన్నారు. శాలువా కాగితంలో ఆ వాక్యం పెట్టమని కూడా సలహా ఇచ్చారు. నేను పెట్టలేదు. చెట్టును కాపాడింది నా మాట వినని పెయింటరు. ఇరవై రెండింటిని పోగొట్టింది మాట్లాడని నేను. మొదటి వాక్యానికి ఎలాగూ శాలువా రాదు, అతను దినకూలీ.

మీకు సలహా ఇచ్చే అర్హత నాకు లేదు. అయినా ముసలివాళ్ళం ఊరుకోలేం. ఫారంలో చివరి గడి పొద్దున ఏడింటికి నింపండి. సున్నం చీటీ రాసేముందు మీ నివేదిక మీరే ఒకసారి చదవండి. ఎవరైనా అవునా కాదా అని మాత్రమే అడిగితే, మూడో మాట ఒకటుంటే అది కూడా చెప్పి చావండి.

చెట్లు కొట్టిన తర్వాత నెలల తరబడి ఆ సందులోకి పోలేదు. మొహం చెల్లలేదు. రిటైరయ్యాక ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్లతో వెళ్ళాను. ఆపా కిటికీ దగ్గరే ఉంది. ఇప్పుడు వెలుగు ఎక్కువగా వస్తోంది, అడ్డం ఏమీ లేదు కదా. కళ్ళు చికిలించుకుని రాళ్ళు అద్దుతోంది.

"పిల్లలు ఎగిరినయా ఆపా?"

"ఒకటి ఎగిరింది. రెండోదాన్ని నేను చూడలే."

"మరి పెద్దది?"

ఆవిడ గాజును వెలుతురులో పెట్టి చూసుకుంది. నా వైపు చూడలేదు.

"చెట్లు పడ్డంక మూడు దినాలున్నది భాయ్‌సాబ్. ఎప్పటి తీర్గనే చింతచెట్టు ఎక్కింది, పై దాక పోయింది. ఆడికెల్లి పక్క చెట్టు మొదలుకు ఎగరాలె గదా. ఎగిరింది. ఆడ చెట్టు లేదు. గాలిల ఒక చుట్టు తిరిగి మళ్ళ ఇదే చింత మొదట్ల వాలింది. మళ్ళ ఎక్కింది. మళ్ళ ఎగిరింది. మూడు దినాలు గట్లనే చేసింది. నాలుగో దినం రాలే."